సిస్టరమ్మ కెనడా వార్డు

మొన్న పోస్టుమాన్ నా జిరాక్సు అంగడి బల్ల మీద ఒక లావుపాటి కవరు పడేసి, "ఇదో, మీ కెనడా వచ్చిండాది" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నాకు కెనడాలో నా అన్నవాడు ఒక్కడు లేడు. మా వంశంలో అందరికంటే దూరం వెళ్ళినవాడు మా చిన్నాన్న. అదీ బెంగుళూరు దాకా. సాంబారులో బెల్లం వేస్తున్నారని అలిగి వారంలో తిరిగొచ్చేశాడు. అయినా ఏటా ఈ కవరు మదనపల్లెలో నా అంగడి వెతుక్కుంటూ వస్తుంది. లోపల ఒక కెనడా రైలు కంపెనీ తన షేర్లున్నవాళ్ళకు పంపే సాలుసరి లెక్కల పుస్తకం. అట్ట మీద మంచులో పోతున్న గూడ్సు బండి. కవరు మీద సిస్టరమ్మ పేరు, కింద కేరాఫ్ అని నా అంగడి పేరు.

సిస్టరమ్మ పోయి ఏడాది దాటింది. ఆ సంగతి కంపెనీకి రాశాం. షేర్లు ఆమె చెల్లెలి పేరుకు మార్చే కాగితాలు కుప్పానికీ ఆ దేశానికీ మధ్య ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఈలోగా ఆమె పేరుతోనే కవరొచ్చింది. చూడగానే నవ్వొచ్చింది. ఆ తర్వాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ నవ్వే వచ్చింది. ఆమెను తలుచుకుంటే చివరికి గెలిచేది ఎప్పుడూ నవ్వే.

ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. రాసినా ఊళ్ళో చాలామందికి ఎవరో తెలియదు. ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరి, అక్కడే హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. పొట్టి, గట్టి. తెల్లచీర. రిటైరయ్యాక కూడా గడియారం చేతికి కట్టుకోలేదు. రొమ్ము మీద పిన్నీసుకు తలకిందులుగా వేలాడేది. టైమెంతమ్మా అంటే గడ్డం దించి చూసి చెప్పేది. ఇంకొకటి, ఎవరితో మాట్లాడుతున్నా మాటల మధ్యలో వాళ్ళ మణికట్టు పట్టుకునేది. నాడి చూడడమే ఆమె పలకరింపు. బీరకాయలమ్మే ఆవిడ నాడి చూసి, "ఉప్పు తగ్గియ్యి" అని చెప్పి, అదే ఊపిరిలో బీరకాయలు బేరమాడేది.

తొంభైల్లో నాది ఎస్టీడీ బూతు. అప్పు చేసి ఒక ఫ్యాక్సు మెషీను కూడా పెట్టాను. దాని దగ్గరికి వచ్చేవాళ్ళు తక్కువ, దాన్ని చూసి పోయేవాళ్ళు ఎక్కువ. అట్లాంటి రోజుల్లో సిస్టరమ్మ ఒక కాగితం పట్టుకుని వచ్చింది.

"ఇది కెనడాకు పోవాలప్పా. చేరతాదా?"

"బిల్లు కడితే చందమామకైనా చేరతాదమ్మా" అన్నాను.

సంగతేమిటంటే, ఆమెకు పని నేర్పిన కెనడా నర్సు ఒకావిడ తన దేశంలో పోతూ పోతూ ఈమె పేరున కొన్ని షేర్లు రాసిపోయింది. ఒక బ్యాంకువి, ఒక కాగితం మిల్లువి, ఒక నికెల్ గనివి, ఒక రైలు కంపెనీవి. వాటిని చూసుకునే బ్రోకరు టొరంటోలో ఉన్నాడు. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి అమ్మాలి, అమ్మినవాటి బదులు ఏం కొనాలి, మీరు సంతకం పెట్టి ఫ్యాక్సు చేస్తే అట్లాగే చేస్తానని ఆయన రాశాడు.

షేర్ల గురించి నాకు తెలిసింది అంతంతే. ఆమెకు అంతకంటే తక్కువ. కానీ వార్డు నడపడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అందుకని ఆ నాలుగు కంపెనీలనూ వార్డులో చేర్చుకుంది. ఆసుపత్రిలో జ్వరం రాసే చార్టులు పాతవి కొన్ని ఇంట్లో ఉంటే వాటిని గోడకు మేకులు కొట్టి వేలాడదీసింది. కంపెనీకొక చార్టు. జ్వరం రాసేచోట షేరు ధర. పెరిగితే నీలం పెన్సిలు, తగ్గితే ఎరుపు. కంపెనీల పేర్లు ఎప్పుడూ పలికేది కాదు. బ్యాంకు ఒకటో మంచం, కాగితం మిల్లు రెండో మంచం, నికెల్ గని మూడో మంచం.

"రైలు నాలుగో మంచమా అమ్మా?"

"కాదప్పా. వాడు పేషెంటు కాదు. ఎప్పుడు సూసినా నడస్తానే ఉంటాడు, మూడు నెలలకొకసారి డివిడెండు తెచ్చిస్తాడు. వాడు వార్డుబాయి."

ఇంతవరకూ ముచ్చటగానే ఉంది. నా తలనొప్పి మొదటి ఫ్యాక్సుతో మొదలైంది. ఆమె రాసింది ఇంగ్లీషులో ఒకే వాక్యం. దాని అర్థం, దయచేసి బ్యాంకును డిశ్చార్జి చేయగలరు. మర్నాడు టొరంటో నుంచి జవాబు. మీరు రాసింది మాకు అర్థం కాలేదు, అమ్మమంటున్నారా అని.

"ఆయప్ప ఎప్పుడూ ఆస్పత్రిలో పన్చేసుండడు, పాపం" అంది సిస్టరమ్మ.

"ఆయన సంగతి ఉండనీండమ్మా. నాలుగింటిలో బాగా పెరుగుతాండేది ఆ బ్యాంకొక్కటే. దాన్ని యాల అమ్మేది? అమ్మితే ఆ కాగితం మిల్లును అమ్మండి, మూలుగుతాండాది."

ఆమె నా వైపు జాలిగా చూసింది. "బాగయినోడికి మంచం యాలప్పా? మూలుగుతాండేవాణ్ణి ఎవురన్నా బయటికి తోస్తారా?"

అదీ ఆమె రూలు. కోలుకున్నవాణ్ణి ఇంటికి పంపాలి, రోగిని ఉంచుకోవాలి. లోకంలో షేర్లున్నవాళ్ళందరూ చేసే పనికి సరిగ్గా తలకిందులు, ఆమె గడియారంలాగే. ఎంత చెప్పినా వినలేదు. నేను చేతులు తిప్పి, బల్ల గుద్ది, గొంతు చించుకుని చెప్పాను. ఆమె నా మణికట్టు పట్టుకుని, "రక్తపోటు సూపించుకో" అని ఫ్యాక్సు డబ్బులిచ్చి పోయింది.

బ్యాంకు పోయింది. ఆ ఖాళీ మంచంలోకి బ్రోకరు చెప్పిన మంచి కంపెనీలన్నీ కాదని, మంచు మీద జారే బూట్లు చేసే ఒక కంపెనీని చేర్చుకుంది. ఎందుకమ్మా అంటే, చాన్నాళ్ళుగా కుంటుతోందట.

రెండువేల సంవత్సరం వచ్చేసరికి ఫ్యాక్సు మెషీను అటకెక్కింది. నేను నాలుగు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ అని బోర్డు మార్చాను. వాళ్ళ శుక్రవారం ముగిసేసరికి మనకు శనివారం కాబట్టి, శనివారం పొద్దున సిస్టరమ్మ రౌండ్స్. ఉడకబెట్టిన చెనిక్కాయల పొట్లం ఒక చేత, చార్టులు ఒక చేత. ముందు అంగడి ముందరి కొళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది.

"అంకెలకు కూడా అంటురోగాలుంటాయా అమ్మా?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"రౌండ్సుకు ముందర చేతులు కడగాల. అంతే" అనేది.

అప్పటి నెట్టు సంగతి తెలిసిందే కదా, పేజీ తెరుచుకునేలోపు పొట్లం ఖాళీ అయ్యేది. అందాకా ఆమె నా నాడి పట్టుకుని కూర్చునేది. ఒకటో మంచం నుంచి ఎప్పుడో వెళ్ళిపోయిన బ్యాంకు ధర కూడా చూపించమనేది. అది పెరుగుతూనే ఉంది. వారం వారం పెరుగుతోంది. నేను నెత్తి కొట్టుకునేవాణ్ణి. ఆమె ముఖం మాత్రం వెలిగిపోయేది.

"సూడప్పా, మనం పంపించిన పిల్లోడు యాడికో పోయినాడు."

"మనం పంపించకపోయుంటే ఆ డబ్బంతా మీదేనమ్మా."

"బయటికి పోయినోడు బాగుండాడంటే సంతోషమే కదా. దానికి ఏడస్తారా ఎవురన్నా?"

ఈ రౌండ్స్ చూడ్డానికి మస్తాన్ సాయిబు తప్పకుండా వచ్చేవాడు. టమోటా మండీ ఆయనది. ఎస్టీడీ బూతు రోజుల నుంచీ నా దగ్గరికే వచ్చి చెన్నైకి ఫోన్ చేసి రేట్లు కనుక్కునేవాడు. "క్యా సిస్టరమ్మా, కెనడాలో ఈ దినం ఎవురికి జ్వరం?" అని మొదలుపెట్టేవాడు. "మాది మూడు దినాల్లో కుళ్ళిపోతాది కాబట్టి ఏడ్చుకుంటానో నవ్వుకుంటానో అమ్మేస్తాం. మీది కుళ్ళదు. అందుకే మీకు ఇన్ని ఆలోచనలు." ఇద్దరూ కలిసి నా మీద నవ్వేవాళ్ళు. నేను ఎవరి మీద నవ్వాలో నాకు తెలిసేది కాదు.

కాగితం మిల్లు ఒక శనివారం చచ్చిపోయింది. దివాలా తీసిందని తెర మీద కనబడింది. ఆమె ఆ చార్టు తీసి, నాలుగు మడతలు పెట్టి, సంచిలో అడుగున పెట్టుకుంది. బయటి టీ ముట్టని మనిషి ఆరోజు మా ముగ్గురికీ టీ తెప్పించింది. "ఒకరిద్దరు పోతారప్పా. దుప్పటి మార్చుకోని పక్క మంచం కాడికి పోవాల" అంది. బూట్ల కంపెనీ మాత్రం నిజంగానే లేచి నడిచింది. దాన్ని డిశ్చార్జి చేసిన రోజు మైసూరుపాకు పంచింది. వచ్చిన డబ్బు కూడా మైసూరుపాకుకు కాస్త ఎక్కువ, అంతే. ఇక మిగిలింది మూడో మంచం, అంటే నికెల్ గని. ఏళ్ళ తరబడి ఆ చార్టు నిండా ఎర్రగీతలే. ఎంత అడిగినా అమ్మలేదు.

"ఇంత డబ్బు పెట్టుకుని ఏం చేద్దామనమ్మా మీరు?" అని ఒకరోజు విసుక్కున్నాను.

"ఒక ఆవు కొనుక్కోవాల" అంది. మస్తాన్ సాయిబు నవ్వబోయి ఆగిపోయాడు, ఆమె ముఖం చూసి.

ఆమెది పుంగనూరు దగ్గర పల్లె. చిన్నప్పుడు ఇంట్లో ఒక పుంగనూరు ఆవు ఉండేదట, ఆ పొట్టి రకం. నర్సు ట్రైనింగులో సీటొచ్చినప్పుడు ఫీజు కట్టడానికి డబ్బు లేక వాళ్ళ నాయన దాన్ని సంతకు తోలాడు. తోలుకుపోయింది ఈమే, పలుపు పట్టుకుని. మా సీమలో పశువును అమ్మితే పలుపు ఇవ్వం. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకోవాలి. పలుపు ఇంట్లో ఉంటే పశువు మళ్ళీ ఏదో ఒక రూపంలో వస్తుందని నమ్మకం.

"ఆ పలుపు నా ట్రంకు పెట్టెలో ఉండాది" అంది సిస్టరమ్మ. "వచ్చేటప్పుడు మా నాయన నా చేతికిచ్చె. ఎప్పుడన్నా నువ్వే తీసకరావాల అనె. నేను చదువుకొని మనిషినైతి. అది యాడికి పోయిందో ఏమో. దానికి బదులు ఒకదాన్ని తెచ్చుకోకుండా పోతే నాకు మనసు నిమ్మళంగా ఉండదప్పా."

నేను నోరు మూసుకున్నాను. అది నా వల్ల అయ్యే పని కాదని మా ఆవిడ అంటుంది గాని, ఆరోజు అయ్యింది.

పుంగనూరు ఆవులు అప్పటికే అరుదైపోయాయి. ఉన్నవాటికి గుర్రం ధర. ఎట్లాగో మస్తాన్ సాయిబే జాడ తీశాడు. టమోటాల కోసం తిరిగేవాడు కదా, చౌడేపల్లె పక్క పల్లెలో ఒక పెద్దాయన ఊరు వదిలిపోతూ తన ఆవును అమ్ముతున్నాడని తెలిసింది. ఇంకెవరో డబ్బున్నవాళ్ళు కూడా అడుగుతున్నారు. పెద్దాయన వచ్చే సంత దాకానే ఆగుతానన్నాడు. సిస్టరమ్మ వెళ్ళి చూసొచ్చింది. "నా నడుం దాకా గూడా రాదు. నాలికతో నా చెయ్యి నాకె" అంది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకునే ఉంది.

ఆవు కావాలంటే ఏదో ఒకటి అమ్మాలి. రైలా, గనా?

"రైలు అమ్మండమ్మా" అన్నాను. "మంచి ధర ఉండాది. గని ఇప్పుడిప్పుడే కళ్ళు తెరస్తాండాది. ఇన్నేళ్ళు ఆగి ఇప్పుడు పంపిస్తే ఎట్ల?"

"వార్డుబాయిని ఎవురన్నా అమ్ముకుంటారా? వాడు తెచ్చేదాంతోనే కదా నా ఇంటి బాడిగ."

"మరి మీ రూలు? కోలుకోనివాణ్ణి పంపకూడదు కదా?"

ఆమె తన నాడి తానే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. కంప్యూటర్ తెర ఆరిపోయింది.

"ఇంటోళ్ళొచ్చి తీసకపోతామంటే మేం ఆపేదానికి ఉండదప్పా" అంది చివరికి. "సంతకం పెట్టించుకోని పంపించేస్తాం."

"ఎవురమ్మా ఆ గనికి ఇంటోళ్ళు?"

"ఆవు."

సంచిలోంచి పెన్సిలు తీసి మూడో మంచం చార్టు కింద రాసింది. ఇంటివారి కోరిక మీద, డాక్టరు సలహాకు విరుద్ధంగా. డాక్టరెవరమ్మా అని అడిగాను. "నువ్వేలే" అంది. చార్టును మాత్రం పారేయలేదు. పలుపు ఇవ్వకూడదు కదా.

మదనపల్లెలో ఆమె ఉండేది రెండు గదుల బాడిగ ఇల్లు, ఆవుకు చోటు లేదు. కుప్పంలో చెల్లెలి ఇంటి వెనక చిన్న కొట్టం ఉంది. సరే, అక్కడికే మకాం మార్చేద్దామనుకుంది. మస్తాన్ సాయిబు టమోటాల టెంపోలో ఆవును ఎక్కించుకుని ముగ్గురం బయల్దేరాం. పుంగనూరు రాగానే సంత మైదానం దగ్గర ఆపమంది.

"ఈడ ఇచ్చేసి పోయినా. ఈడి నుంచే తీసకపోతా" అని టెంపో దిగి, ట్రంకు పెట్టె తెరిచి, ఆ పాత పలుపు బయటికి తీసింది. నల్లబడి, గట్టిపడి, తాకితే పొడి రాలుతోంది. పెద్దాయన తాడు విప్పేసి, ఆవు మెడకు దీన్ని కట్టి, కళ్ళు తుడుచుకుని, ఒక అడుగు ముందుకేసింది. ఆవు ఒక్కసారి తల విదిలించింది. అన్నేళ్ళు పెట్టెలో దాచిన పలుపు పుటుక్కున రెండయింది. ఆవు మైదానమంతా ఒకటే పరుగు. దాని వెనక మస్తాన్ సాయిబు, ఆయన వెనక నేను, మా వెనక సంత జనం. ఆ పొట్టి కాళ్ళకు అంత వేగం ఎట్లా వచ్చిందో దేవుడికే తెలియాలి. ఆఖరికి వంకాయల బుట్టలో తల పెట్టి అదే ఆగింది. సిస్టరమ్మ తాపీగా నడిచొచ్చి, చేతిసంచిలోంచి కట్టుగుడ్డ చుట్ట తీసి, మూడు పేటలు వేసి మెడకు కట్టింది. విరిగిన చేతికి కట్టినట్టే, పిన్నీసు కూడా పెట్టింది. "ఇది తెగదు, ఆస్పత్రిది" అంది. పుంగనూరు సంతలో ఆరోజు తెల్లటి కట్టుతో నడిచిన ఆవును చూసి, దానికేమయిందమ్మా అని అడగని మనిషి లేడు. ఏమీ కాలేదు, ఇంటికి పోతాండాది అని అందరికీ ఓపిగ్గా చెప్పింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కొన్ని నెలలకు ఒక శనివారం అలవాటుకొద్దీ నేనే గని ధర చూశాను. ఏదో పెద్ద కంపెనీ దాన్ని కొనేస్తానని వచ్చిందట. ధర ఆకాశంలో ఉంది. ఆమె అమ్మినదానికి ఎన్నో రెట్లు. నా ఒళ్ళు మండిపోయింది. డబ్బు నాది కాదు, షేరు నాది కాదు, మంటెందుకో నాకే తెలియదు. ఆ పేజీ ప్రింటు తీసి జేబులో పెట్టుకుని కుప్పం బస్సెక్కాను. పుంగనూరు దాకా ఏమనాలో ఆలోచించుకున్నాను. పలమనేరు దాటేదాకా వరసగా పేర్చుకున్నాను. ఆగమంటే ఆగితిరా, నా మాట ఎప్పుడన్నా వింటిరా, ఆ ధరకు ఇట్లాంటి ఆవులు మంద వచ్చుండేది కదా అని. పక్క సీటాయన రెండుసార్లు నా వైపు తిరిగి చూశాడు, పైకే అంటున్నానేమో.

ఆమె కొట్టంలో పాలు పితుకుతోంది. ఆవు మెడకు ఇంకా కట్టుగుడ్డే. పైన మేకుకు ఒకే ఒక చార్టు వేలాడుతోంది. మూడో మంచం.

"అమ్మా, మూడో మంచం సంగతి తెలిసిందా?"

ఆమె చేయి ఆగిపోయింది. చెంబులో ధార చప్పుడు ఆగిపోయింది. నా వైపు చూడలేదు. "పోయినాడా?" అంది.

పేర్చుకొచ్చిన మాటలన్నీ వదిలేసి జేబులోంచి ప్రింటు తీశాను. "లేదమ్మా" అన్నాను. "లేచినాడు. పరిగెత్తుతాండాడు." కాగితం చూపించాను.

ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి చూసింది. తర్వాత నా ముఖం చూసింది. "బతికినాడా" అంటూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "సగంలో పంపించేస్తినే అని దినామూ గుబులుగా ఉండె కదప్పా. ఈ పాలు తాగాలంటేనే మనసొప్పకుండా ఉండె. ఎంత మంచి మాట తీసకొస్తివి నాయనా."

చేతులు కడుక్కొచ్చి నీలం పెన్సిలు తీసింది. గీత చార్టు దాటి పైకి పోయింది. కాగితం చాలక గోడ మీద కూడా గీసింది. ఆ తర్వాత నా మణికట్టు పట్టుకుని గడియారం వైపు గడ్డం దించింది.

"యాల ఇట్ల కొట్టుకుంటాండాది?"

"కోపమమ్మా."

"ఎవురి మింద?"

కొట్టమంతా చూశాను. ఆవు నెమరు వేస్తోంది. ఎవరి మీదో నాకు గుర్తు రాలేదు. ఆమె లోపలికెళ్ళి పాలు కాచి, గ్లాసులో పోసి తెచ్చింది. చిక్కగా, మీగడ కట్టి ఉన్నాయి. నాకొకటి, తనకొకటి. ఆ ఆవు పాలు ఆమె తాగడం అదే మొదటిసారని చెల్లెలు తర్వాత చెప్పింది.

ఆ కవరు రెండు రోజులుగా నా బల్ల మీదే ఉంది. కుప్పానికి పంపాలి, ఇప్పుడు ఆవునూ దాని దూడనూ చూసుకునేది ఆ చెల్లెలే. పంపేముందు వార్డుబాయి ఎట్లా ఉన్నాడో ఒకసారి చూద్దామనిపించింది. శనివారం అంగడి తెరిచి, ముందు కొళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కున్నాను.